నీళ్ళ ఐజాకు చెప్పిన మాట

కొవ్వూరులో రేడియేటర్లు బాగుచేసే ఐజాక్ గారి షెడ్డు ఎక్కడండి అని అడిగితే నలుగురిలో ఇద్దరు తెల్లమొహం వేస్తారు. నీళ్ళ ఐజాకు అంటే మాత్రం బస్టాండులో బజ్జీలు వేసే మనిషి కూడా గరిటె ఎత్తి దారి చూపిస్తాడు. వంతెన వైపు వెళ్ళే రోడ్డులో ఎడమ చేతికి రేకుల షెడ్డు. ముందు సిమెంటు తొట్టి, గోడకి చేరవేసిన నాలుగైదు పాత రేడియేటర్లు, లోపల అరవై మూడేళ్ళ బక్కపలచని మనిషి. ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులూ ఆ మనిషి ఆ తొట్టి పక్కనే ఉంటాడు. ఆదివారం లూథరన్ చర్చిలో మూడో వరసలో ఉంటాడు. ఇవి రెండూ కాక ఆయనకి మూడో చోటు ఉన్నట్టు ఎవరూ ఎరగరు.

తండ్రి అబ్రహాము జీవితమంతా రైతుల చేలల్లో పనిచేశాడు. కొడుకు బురదలో దిగకూడదని పట్టుబట్టి, రాజమండ్రిలో చంద్రరావు మేస్త్రీ దగ్గర పనికి పెట్టాడు. దిగింది బురదలో కాదు గానీ, నీళ్ళలోంచి మాత్రం ఐజాకు ఇప్పటికీ బయటికి రాలేదు. రేడియేటర్ విప్పడం, తొట్టిలో ముంచి గాలి పట్టి ఎక్కడ బుడగలొస్తున్నాయో చూడటం, సన్న గొట్టాల్లోకి రేకు దూర్చి పట్టిన సున్నం రాల్చడం, చిల్లి పడ్డ చోట సీసంతో మాటు వేయడం, అన్నీ ఆ మేస్త్రీ దగ్గరే నేర్చాడు.

బండి డీజిలుతో నడుస్తుందనుకునేవాళ్ళంటే ఆయనకి జాలి. డీజిలు మంటపెడుతుంది, అంతే. ఆ మంట ఇంజనుని తినేయకుండా కాపాడేది నీళ్ళు. ఇంజను చుట్టూ తిరిగి వేడిని మోసుకొస్తాయి, ముందున్న రేడియేటర్ సన్న గొట్టాల్లో గాలి తగిలి చల్లబడతాయి, మళ్ళీ లోపలికి వెళ్తాయి. ఈ తిరుగుడు ఆగితే డ్రైవరు ముందున్న ముల్లు ఎర్ర గీత దాటుతుంది. డ్రైవరు ఏదో పాట వింటూ ముల్లు చూసుకోకపోతే ఇంజను పైన మూతలా బిగించే హెడ్డు వంకరపోతుంది. కొత్త బండికైతే ఏదో ఒకటి చేస్తారు. పదిహేనేళ్ళు దాటిన వ్యానుకి హెడ్డు వంకరపోతే దాన్ని పాత ఇనుముకి తోలుకెళ్ళడమే. కాబట్టి పాత వ్యాన్ల వాళ్ళకి ఐజాకు ఒక విధంగా డాక్టరు. డాక్టరుకున్న చిరాకు కూడా ఆయనకి పూర్తిగా ఉంది.

ఆయన దగ్గర ఒక విద్య ఉంది. రేడియేటర్ విప్పగానే అందులోంచి కారిన నీటిబొట్టు వేలితో తీసి నాలుక మీద వేసుకుంటాడు. వెంటనే పక్కకి ఉమ్మేసి, బండి ఏ ఊరిదో చెబుతాడు. ఉప్పగా ఉంటే నరసాపురం వైపు. సున్నం వాసన వేస్తే మెట్ట ఊళ్ళ బోరు. ఒండ్రు నాలుకకి గరగరలాడితే కాలువ నీళ్ళు. ఇదీ చంద్రరావు మేస్త్రీ పెట్టిన భిక్షే. మేస్త్రీ చెయ్యొద్దన్నదొకటే, గొప్పకి చెయ్యొద్దని. ఆ ఒక్క మాటా శిష్యుడు వినలేదు. కొత్త డ్రైవరు ఎవరైనా వస్తే, నలుగురూ చూస్తుండగా బొట్టు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "పాలకొల్లు అవతలా మీది?" అంటాడు. అవతలివాడు నోరు తెరిస్తే ఐజాక్ గారికి ఆ రోజు అన్నం ఒక ముద్ద ఎక్కువ దిగుతుంది.

నీళ్ళ ఐజాకు అన్న పేరు మాత్రం పదకొండేళ్ళ కిందటి పుష్కరాల్లో వచ్చింది. ఆ పన్నెండు రోజులూ కొవ్వూరు రోడ్ల మీద బళ్ళు గంటలకొద్దీ కదల్లేదు. కదలని బండికి గాలి తగలదు, ఇంజను ఊరుకోదు. ఎక్కడ చూసినా బానెట్లు లేచి పొగలు. డ్రైవర్లు బకెట్లు పట్టుకుని గోదాట్లోకి పరుగెత్తడం, లక్షలమంది మునిగి లేచిన ఆ బురద నీళ్ళే తెచ్చి రేడియేటర్లో గుమ్మరించడం. చూసి చూసి ఐజాకు ఆగలేకపోయాడు. చర్చిలో ఉన్న చేతి మైకు అడిగి తెచ్చుకుని రోడ్డెక్కాడు. బురద నీళ్ళు పొయ్యకండి, బిందెలో పట్టి పటిక తిప్పండి, తేరిన నీళ్ళు వంచి పొయ్యండి అని వరస వరసకీ తిరిగి చెప్పాడు. వరద నీళ్ళని వాళ్ళమ్మ అలాగే పటిక తిప్పి తేర్చేది. ఇంటిల్లిపాదీ అవే తాగి పెరిగారు. మనిషికి మంచివైన నీళ్ళు ఇంజనుకి చేదా? ఆ పన్నెండు రోజుల్లో ఆయన మాట ఎన్ని వందల బళ్ళు విన్నాయో లెక్కలేదు. ఎక్కడెక్కడి డ్రైవర్లో తలూపి, దణ్ణం పెట్టి వెళ్ళారు. అప్పటినుంచి ఆ పేరు.

ఆ వందల్లో ఒకడు సత్తియ్య. దొమ్మేరు మనిషి, చేతిలో ఒక పాత తెల్ల వ్యాను, దాని మీదే బతుకు. ఉదయం ఆరున్నరకి కొవ్వూరులో తొమ్మిదిమంది టీచర్లని ఎక్కించుకుని, కొయ్యలగూడెం మీదుగా బుట్టాయగూడెం అవతల మన్యం బడుల్లో దింపి, సాయంత్రం మళ్ళీ తీసుకొస్తాడు. గట్టిగా మాట్లాడి ఎరగడు. వ్యానుని చంటిబిడ్డలా చూసుకుంటాడని అందరూ నవ్వుతారు. రోజూ సీట్లు తుడుస్తాడు, వారానికోసారి ఫ్యాను బెల్టు వేలితో నొక్కి చూస్తాడు, వేడి మీద రేడియేటర్ మూత తియ్యడు. ఇంత ఒద్దికైన డ్రైవరు బండి ఏ మెకానిక్కు మొహమూ చూడకూడదు. అలాంటిది కిందటి డిసెంబరులో రేడియేటర్ కారుతోందని వచ్చాడు.

మాటులన్నీ తెల్లగా పొడిపొడిగా ఉన్నాయి. ఐజాకు మళ్ళీ వేసి, ఏవో పాడు నీళ్ళు పోస్తున్నావని కోప్పడి పంపించాడు. మార్చిలో మళ్ళీ వచ్చాడు. ఈసారి లోపలి గొట్టాలే చిల్లులు పడ్డాయి. ఎదురుగా ఉన్న మాణిక్యాంబ టీకొట్టు దగ్గర అరడజను మంది డ్రైవర్లున్నారు. వాళ్ళందరూ వింటుండగా ఐజాకు గొంతు పెంచాడు. వ్యాను కడగడానికి ఉన్న ఓపిక దాని కడుపులోకి ఏం పోస్తున్నావో చూసుకోవడానికి లేదా అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. సత్తియ్య తల దించుకుని విన్నాడు.

జులైలో సంగతి ముదిరింది. బుట్టాయగూడెం దాటాక ఎత్తు రోడ్డు మీద వ్యాను ఆగిపోయింది. టీచర్లు బడికి వెళ్ళి, వేళ దాటకుండా ఫోనులో మొహం చూపించి హాజరు వేసుకోవాలి. ఆ రోజు తొమ్మిదిమందికీ హాజరు తప్పింది. వాళ్ళు మంచివాళ్ళే, అయినా ఇంకొక్కసారి దారిలో ఆగితే వేరే బండి చూసుకుంటామని సత్తియ్యతో ఖరాఖండిగా చెప్పేశారు.

తాడు కట్టి లాక్కొచ్చిన వ్యానుకి రేడియేటర్ విప్పి ఐజాకు అలవాటుగా బొట్టు నాలుక మీద వేసుకున్నాడు. వగరు. నలభై ఏళ్ళలో ఏ ఊరి నీళ్ళూ అలా తగల్లేదు. ఈ బండివి కిందటి రెండుసార్లూ, తెలిసిన ఊరే కదా అని, నాలుక దాకా తేలేదు. ఇంకో బొట్టు వేసుకున్నాడు. వగరే.

"ఏం నీళ్ళు పోశావు?"

"మీరు చెప్పిన నీళ్ళేనండి."

"నేను చెప్పిన నీళ్ళయితే గొట్టాల్ని ఇలా ఎందుకు తింటాయిరా?"

టీకొట్టు దగ్గర నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది గణేష్‌బాబు. మెరక ఊళ్ళకి సరుకు తోలే వ్యాను అతనిది. అతను ఎవరి మాటా వినడు, పంపు కనిపిస్తే పంపు నీళ్ళు, కాలువ కనిపిస్తే కాలువ నీళ్ళు. సత్తియ్య అబద్ధం చెబుతున్నాడని ఐజాకు నిశ్చయించుకున్నాడు. మాటు పట్టే గొట్టాలకి మాటు వేసి, పట్టనివి మూసేసి, విసురుగా బిగించి పంపేశాడు.

ఆ శనివారం సాయంత్రం చర్చి కోసం గెడ్డం చేయించుకోవడానికి అప్పాజీ షాపుకి వెళ్ళాడు. అప్పాజీ ఏదో మాట్లాడుతూ పై పెదవి అంచున చిన్న గాటు పెట్టాడు. అయ్యో అంటూ పటిక బిళ్ళ తడిపి అక్కడ రుద్దాడు. ఐజాకు పెదవి తడుపుకున్నాడు.

వగరు.

కుర్చీలో మనిషి కదల్లేదు. అప్పాజీ మంట పుట్టిందేమో అనుకుని తువ్వాలు ఇచ్చాడు. ఐజాకు ఆ బిళ్ళ ఇలా ఇవ్వమని అడిగి, నాలుకతో మళ్ళీ చూశాడు. అనుమానం లేదు. సత్తియ్య రేడియేటర్లో ఉన్నది పటిక. మరిగి మరిగి చిక్కబడ్డ పటిక. మీరు చెప్పిన నీళ్ళేనండి అన్నాడు వాడు. నిజమే చెప్పాడు. తను చెప్పిన నీళ్ళే పోశాడు, పదకొండేళ్ళుగా.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు చర్చిలో వాక్యం చెవికెక్కలేదు. నాలుక పొరపాటు పడిందేమో, మాటులు పాడవడానికి వేరే కారణం ఉందేమో అని తనకి తనే వకీలు పెట్టుకున్నాడు. సోమవారం షెడ్డులో పాత రేడియేటర్ ముక్కలు రెండు కోసి, మాటు వేసి, రెండు గాజు సీసాల్లో వేశాడు. ఒకదాంట్లో ఉత్త పంపు నీళ్ళు, రెండోదాంట్లో పటిక నీళ్ళు. రుజువు లేకుండా మాట అనకూడదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. మొహం చెల్లక చెప్పడం లేదని ఒప్పుకోవడానికి ఆయనకి ఇంకా కొన్నాళ్ళు పట్టింది.

మరి ఈలోగా సత్తియ్య వ్యాను సంగతి? దానికీ ఒక ఉపాయం చేశాడు. రోజూ పొద్దున్నే షెడ్డు ముందు ఆపమని, నీళ్ళు తనే చూసి పోస్తానని సత్తియ్యతో చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. మొదటి రోజే పాత నీళ్ళన్నీ దింపేసి, రెండుసార్లు కడిగి పంపు నీళ్ళు పోశాడు. ఆరున్నర కాకుండానే వ్యాను రావడం, ఐజాకు మూత తీసి చూడటం, తగ్గినంత పోయడం, మూత బిగించడం. పని మంచిదే. దాని వెనక బుద్ధే పిరికిది.

సత్తియ్యకి అది తెలియదు. అరవై దాటిన మేస్త్రీ తన కోసం తెల్లవారుజామున లేచి వచ్చి నీళ్ళు పోస్తున్నాడని వాడు కరిగిపోయాడు. టీచర్లకి చెప్పాడు, టీకొట్టులో చెప్పాడు, ఇంట్లో భార్య సూర్యకళకి చెప్పాడు. తిట్టినా కడుపులో పెట్టుకునే మనిషని మెచ్చుకున్నాడు. సూర్యకళ కూరల బజారులో ఐజాకు భార్య తబితని ఆపి, రెండు చేతులూ పట్టుకుని మీ ఆయన చల్లగా ఉండాలమ్మా అంది.

తబిత ఇంటికొచ్చి సంచీ దింపి, ఆ మాట మొగుడికి చెప్పింది. చెబితే సంతోషిస్తాడనుకుంది. ఐజాకు మంచం మీద కూర్చుండిపోయాడు. మొత్తం చెప్పేశాడు, మైకు దగ్గరనుంచి సీసాల దాకా. ఆవిడ అంతా విని, సీసాల్లో ఏం కనిపిస్తోందని మాత్రం అడిగింది. పంపు నీళ్ళ ముక్క ఎలా వేసింది అలాగే ఉంది, పటిక నీళ్ళ ముక్కకి మాటు తెల్లగా పూసి, గోటితో గీకితే రాలుతోంది అన్నాడు.

"రుజువు దొరికింది కదండి. ఇంకా దేని కోసం చూస్తున్నారు?"

సత్తియ్యని పక్కకి పిలిచి మెల్లిగా చెబుతానన్నాడు ఐజాకు.

"పక్కకి పిలిచి తిట్టలేదు కదండి మీరు," అంది తబిత. "పదిమందిలో తిట్టేరు. చెప్పేది కూడా ఆ పదిమందిలోనే చెప్పాలి."

అది వినగానే ఆయనకి కోపం వచ్చింది. నలభై ఏళ్ళ పేరు, నోటి మాటతో వచ్చిన పేరు, ఒక్క పొద్దున పోతుందని అన్నాడు. పోతే పోనివ్వండి అనలేదు ఆవిడ. వంకాయలు తరుక్కుంది. ఐజాకుకి ఏడుపొచ్చినంత పనయింది. పేరు పోతుందన్న దిగులు కంటే, తన మాట విని తల వంచిన వాడి తల మీదే ఇన్నాళ్ళూ కొట్టానన్నది ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. సత్తియ్యని తొమ్మిదింటికి వ్యాను తీసుకు రమ్మన్నాడు. పాత రేడియేటర్ తీసి, ఇన్నాళ్ళలో తను కట్టిపెట్టిన కొత్తది బిగించాడు. బిగించడం అయ్యేసరికి టీకొట్టు దగ్గర అందరూ చేరారు, గణేష్‌బాబుతో సహా. ఐజాకు చేతులు తుడుచుకుని, ఆ రెండు సీసాలూ తెచ్చి మాణిక్యాంబ టీగ్లాసుల బల్ల మీద పెట్టాడు.

"సత్తియ్యా, నీ తప్పేం లేదు. తప్పు నాది. పటిక నీళ్ళు పొయ్యమని పుష్కరాల్లో చెప్పింది నేను. ఆ పటికే నీ రేడియేటర్ని తినేసింది. ఇదిగో, చూడండి. నువ్వు నా మాట విన్నందుకు నిన్ను వీళ్ళందరి ముందూ తిట్టేను."

ఎవరూ నవ్వలేదు. మాణిక్యాంబ పొయ్యి మంట తగ్గించింది. సత్తియ్య సీసా ఎత్తి వెలుతురులో చూశాడు. తర్వాత వ్యాను దగ్గరికి వెళ్ళి, సీటు వెనకనుంచి నీళ్ళ డబ్బా తెచ్చాడు. మూత తీస్తే మూతకి దారం, దారానికి గుడ్డ మూట, మూటలో కోడిగుడ్డంత పటిక. డబ్బా అడుగున మరో రెండు ముక్కలు.

"ముందు ఒకటే కట్టేవోణ్ణండి. మీరు డిసెంబర్లో తిడితే సరిగ్గా తేరట్లేదేమో అనుకుని ఇంకోటి వేసేను. మార్చిలో తిడితే మూడోది వేసేను."

తను అరిచిన ప్రతిసారీ వాడు ఒక్కో ముక్క పెంచుకుంటూ వెళ్ళాడు. తిట్టు తిట్టుకీ ఇంజనులో ఇంకాస్త విషం పోయించింది తనే.

సత్తియ్య గణేష్‌బాబు వైపు చూశాడు, రోడ్డు పక్కన నిలబెట్టిన వ్యాన్ల వైపు చూశాడు.

"మీ మాట విననోళ్ళ బళ్ళన్నీ బానే ఉన్నాయన్నమాటండి," అన్నాడు.

వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. లెక్క అర్థమైన మనిషి అన్నట్టుగా అన్నాడు. అందుకే అది ఐజాకుకి బాగా లోతుగా దిగింది. చుట్టూ ఉన్న ఆరుగురూ మందలిస్తే తట్టుకునేవాడేమో. పుష్కరాల్లో దణ్ణం పెట్టి వెళ్ళిన ఆ ఊరూ పేరూ తెలియని డ్రైవర్లు గుర్తొచ్చారు. వాళ్ళలో బుద్ధిమంతులెవరో, వాళ్ళ బళ్ళు ఏ రోడ్డు మీద ఎప్పుడు ఆగాయో, ఇప్పుడు ఎక్కడికి వెళ్ళి ఎవరికి చెప్పగలడు?

ఇంజను లోపల హెడ్డు ఎంత పాడయిందో విప్పితే గానీ తెలియదని, విప్పాల్సి వస్తే ఆ పని కూడా తనదేనని చెప్పాడు. ఈ రేడియేటర్ ఇన్నేళ్ళు ఉంటుందని మాత్రం చెప్పలేదు. అలాంటి మాటలు చెప్పే ధైర్యం ఆయనకి అప్పటికి పోయింది.

సత్తియ్య దారం తెంపి పటిక మూట డ్రైనులోకి విసిరేసి, డబ్బాలో నీళ్ళూ ముక్కలూ కూడా అందులోకే వంపేశాడు. ఖాళీ డబ్బా పట్టుకుని వ్యాను దగ్గరికి వచ్చాడు. కొత్త రేడియేటర్ ఇంకా ఖాళీగానే ఉంది.

"మరి ఇప్పుడేం పొయ్యమంటారండి?"

ఆ ప్రశ్న తననే అడుగుతాడని ఐజాకు అనుకోలేదు. ఇంకెవరినైనా అడుగుతాడనుకున్నాడు, అడగాలని కూడా అనుకున్నాడు. షెడ్డులోకి వెళ్ళి, రాత్రి కొని తెచ్చి పెట్టిన, రేడియేటర్లో పోసే కంపెనీ కూలెంటు డబ్బా తీసుకొచ్చి వాడి చేతికిచ్చాడు.

"ఎంత పొయ్యాలో, ఏం కలపాలో అన్నీ దీని మీదే రాసుంది. చదువుకుని పొయ్యి. ఇక నా మాట మీద పొయ్యకు."

సత్తియ్య డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. నాలుగు పక్కలా సన్నటి అక్షరాలు.

"ఇది ఇంగ్లీషండి. నాకు తెలుగే కూడబలుక్కుని వస్తది," అని డబ్బా మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టాడు. "మీరే చదివి చెప్పండి. మీరెలా చెబితే అలా పోసుకుంటాను."

ఐజాకు చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీశాడు. పెట్టుకున్నా అక్షరాలు కనిపించలేదు. తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. డబ్బాని ఎండలోకి ఎత్తి పట్టుకుని, మొదటి లైను మీద వేలు పెట్టి, ఒక్కో మాటా చదివి అర్థం చెప్పడం మొదలుపెట్టాడు. తెలియని మాట వచ్చిన చోట తెలియదన్నాడు. చివరిదాకా తన సొంత మాట ఒక్కటి కూడా కలపలేదు.